ఇంకో రెండు డిగ్రీలు

ఆ మెకానిక్‌ని అందరూ చెవి మేస్త్రి అనేవాళ్లు. కారు షెడ్డు ముందు ఆగీ ఆగకముందే, బానెట్ ఎత్తకుండానే, "మూడో సిలిండర్ వాల్వు కాలిందయ్యా" అని తేల్చేసేవాడు. విప్పి చూస్తే అదే! నలభై ఏళ్లు ఆ చెవి మీదే బతికాడు మనిషి. పెళ్లాం మాట తప్ప అన్నీ వింటాడని భార్య ఎత్తిపొడిచేది.

అలాంటివాడికి రెండేళ్లుగా సన్నటి శబ్దాలు వినపడటం మానేశాయి. ముందు తెలియలేదు. షెడ్డు మీది పిచ్చుకలు ఎటో పోయాయనుకున్నాడు. ఓ రోజు తలెత్తి చూస్తే తీగ మీద బారుగా కూర్చుని ఉన్నాయి. ముక్కులు తెరుస్తున్నాయి, మూస్తున్నాయి, చప్పుడు మాత్రం లేదు. పోయింది పిచ్చుకలు కాదు, తన చెవి. ఎవరికైనా చెప్పాడా? అబ్బే! తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాడు. చెవిటి మేస్త్రి దగ్గరికి బండి ఎవరు తెస్తారు? అదీ అతని భయం. మొద్దు శబ్దాలు వినపడుతున్నాయిగా, చెయ్యి వేస్తే అదురు తెలుస్తోందిగా అని తనకు తానే సర్దిచెప్పుకుంటూ వచ్చాడు.

ఇంతలో అక్క కూతురు వాళ్ల నాన్న కారు లాక్కొచ్చింది. బావ పోయి ఆరేళ్లు. అప్పట్నుంచీ కారు కదల్లేదు. "మామయ్యా, ఇంజన్ మొత్తం విప్పి కొత్తగా కట్టు. కార్బురేటర్ పీకేసి కంప్యూటర్ పెడదాం. అమ్మని ఎక్కించుకుని తిప్పాలి" అంది. ఒకసారి అనుకుందంటే వినే రకం కాదు ఆ పిల్ల.

మేస్త్రి ఇంజన్ దించాడు. సిలిండర్లు బోరింగ్ చేయించి కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేశాడు. బావ పసిపిల్లలా చూసుకున్న కారు, అక్క ఎక్కబోయే కారు. ఒక్కో బోల్టూ రెండేసిసార్లు సరిచూసుకున్నాడు. మేనకోడలు వైర్లన్నీ కలిపి, అరచేతిలో పట్టే డబ్బా ఒకటి డాష్‌బోర్డు కింద బిగించింది. పెట్రోలు ఎంత చిమ్మాలో, నిప్పురవ్వ ఎప్పుడు పడాలో ఇక ఆ డబ్బాయే చెబుతుందట. రవ్వ కాస్త ముందు పడితే ఇంజన్‌కి బలం. మరీ ముందైతే లోపల పెట్రోలు అడ్డదిడ్డంగా పేలి పిస్టన్‌ని కొరికేస్తుంది. అప్పుడు సన్నగా గలగలమంటుంది.

"ఆ శబ్దం పట్టుకునే సెన్సర్ ఉంది మామయ్యా. అదీ బిగిద్దామా?"

"నా చెవి ఉండగా ఇంకో చెవి దేనికే?" అన్నాడు మేస్త్రి. అనేశాక గుండెల్లో రాయి పడింది. అయినా నోరు విప్పలేదు చూడండి, మొండి ఘటం!

మర్నాడు పొద్దున్నే వంతెన ఎత్తు మీద పరీక్ష. ఎక్కిన ప్రతిసారీ రవ్వని కాస్త ముందుకి జరుపుతూ పోవాలి, గలగల వినపడగానే ఆపి వెనక్కి తగ్గించాలి. మేస్త్రి నడుపుతున్నాడు. పక్కన మేనకోడలు ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. బజారులో దిగుతానని భార్య వెనక ఎక్కింది.

మొదటిసారి ఎత్తెక్కించాడు. "గలగలమందా మామయ్యా?"

"లేదు. రవ్వని ఇంకో రెండు డిగ్రీలు ముందుకి జరుపు."

రెండోసారి ఊపిరి బిగబట్టి విన్నాడు. ఇంజన్ గుండ్రంగా తిరుగుతున్నట్టే ఉంది. నిజంగా శబ్దం లేదా, ఉండి తనకే వినపడటం లేదా? ఎలా తెలుస్తుంది? "ఇంకో రెండు డిగ్రీలు" అన్నాడు.

మూడోసారి సగం ఎత్తులో ఉండగా వెనకనుంచి భార్య కేక వేసింది. "ఏమండీ! డబ్బాలో గులకరాళ్లు పోసి ఊపినట్టుంటే వినపడట్లేదా? ఆపండి!"

మేస్త్రి పైప్రాణాలు పైనే పోయాయి. పక్కకి ఆపి, స్పార్క్ ప్లగ్గు విప్పి ఎండలో పట్టి చూశాడు. తెల్లటి పింగాణీ మీద మెరుస్తూ సన్నటి చుక్కలు. పిస్టన్ లోహం అది.

"నాకూ ఏదో గలగలమంది మామయ్యా. నువ్వు లేదన్నావుగా, ఇది అది కాదేమో అనుకున్నా" అంది మేనకోడలు.

చెంప మీద కొట్టినట్టయింది మేస్త్రికి. "నాకు వినపడదమ్మా. రెండేళ్లయింది" అన్నాడు.

భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "నన్ను లెక్కచెయ్యడం మానేశారనుకున్నానండీ ఇన్నాళ్లూ" అంది.

"ఇంజన్‌దేముంది, మళ్లీ విప్పుదాం మామయ్యా" అంది మేనకోడలు. తర్వాత ఉన్నట్టుండి అడిగింది. "మరి ఈ రెండేళ్లూ వేరేవాళ్ల బళ్లు ఎలా చూశావు?"

మేస్త్రికి అప్పుడు గుర్తొచ్చింది. మొన్న సోమవారం బడి పిల్లల వ్యాన్ వచ్చింది. ముందు చక్రం కీచుమంటోందని డ్రైవర్ అన్నాడు. మేస్త్రి ఓ చుట్టు నడిపి, ఏమీ వినపడక, "ఏం లేదు పో, దుమ్ము" అని పంపేశాడు. అది బేరింగ్ అయితే? చక్రం ఊడితే? ఇప్పుడు సరిగ్గా బడివేళ.

మేస్త్రి ఫోన్ తీసి డ్రైవర్ నంబరు వెతుక్కుంటుంటే భార్యే అందుకుని నొక్కి స్పీకర్ పెట్టింది. డ్రైవర్ ఎత్తాడు. వెనక పిల్లల గోల.

"బండి ఓసారి పక్కకి ఆపు బాబూ. ఆ చక్రం మేస్త్రి మళ్లీ చూడాలంటున్నారు" అంది భార్య.

డ్రైవర్ పెద్దగా నవ్వాడు. "భలేవారమ్మా! కీచుమంటూనే ఉందనుకోండి. చెవి మేస్త్రే ఏం లేదన్నాక నాకేం భయం?"

మేస్త్రి ఫోన్ లాక్కున్నాడు. "నాకు చెవుడురా! విన్నావా? చెవుడు! పిల్లల్ని దించెయ్!" అని నడిరోడ్డు మీద అందరూ వినేలా అరిచాడు.