పుంగనూరు పళ్ళ డాక్టరమ్మ

పుంగనూరు పళ్ళ డాక్టరమ్మ పోయారు. సొంతూరు కుప్పంలో అక్క ఇంటికి వెళ్ళి, అక్కడే గుండెనొప్పితో కన్నుమూశారట. మదనపల్లెలో నాకు డయాలసిస్ జరుగుతుండగా ఆ కబురు తెలిసింది. నా ముఖం చూసి పక్క మంచం మీదాయన "ఏమప్పా, మీ బంధువులా?" అని అడిగాడు. అవునన్నాను.

నాది పుంగనూరులో పశువుల దాణా అంగడి. కిడ్నీలు పాడై డయాలసిస్ మొదలైన కొత్తలో నా దవడపన్నుకు చీము పట్టింది. చెంప వాచి, నోరు తెరుచుకోక, సంగటి జారుగా కలిపిచ్చినా మింగలేకపోయాను. చూపించుకుందామని వెళ్ళిన రెండు చోట్లా కిడ్నీ జబ్బనగానే "రక్తం నిలబడదు, మావల్ల కాదు" అన్నారు. వాళ్ళ భయం అబద్ధం కాదు. గడ్డం గీసుకుంటూ చిన్న గాటు పడితే చాలు, మధ్యాహ్నం దాకా తువ్వాలు తడుస్తూనే ఉండేది.

చివరికి నా భార్య నన్ను మా ఊళ్ళోనే ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె ముందుగా అరచేతులు రుద్దుకుని వెచ్చగా చేసుకున్నారు. ఆ తర్వాతే నా చెంప తాకారు. ఎవరిని ముట్టుకోబోయినా ఆమెకది అలవాటు.

"యాల వణకతాండావప్పా?"

నా భార్య అందుకుంది. "రక్తం నిలవదంటాండారు కదమ్మా."

"రాగిపిండికి కరువు లేదమ్మా, ముద్ద కట్టడం లేదు, అంతే. గాయాన్ని మూసే కణాలు ఈయప్ప రక్తంలో ఉండాయి. ఒంట్లో మలినం చేరి అతుక్కోవడం లేదు. భయం మంచిదే. ఆ భయంతోనే ముందు సిద్ధమవుదాం."

నా ఎదుటే మదనపల్లె కిడ్నీ డాక్టరుకు ఫోన్ చేసి అన్నీ మాట్లాడుకున్నారు. చీము తగ్గడానికి మందులిచ్చారు. పన్ను తీసే ముందు రోజు డయాలసిస్ చేయించారు, అదీ రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్ లేకుండా. మర్నాడు పొద్దున, కణాలు అతుక్కోవడానికి సాయపడే ఇంజెక్షన్ ఇప్పించారు.

పన్ను సులువుగానే వచ్చింది. రక్తమే ఆగలేదు. కుట్లు వేసి, మందులో తడిపిన గుడ్డ పెట్టి, దాని మీద వేలు అదిమి పట్టుకుని కూర్చున్నారు. నేను ఉమ్మబోయాను.

"ఉమ్మొద్దప్పా, మింగు. ఇప్పుడే ముద్ద కడతాండాది, కదిలించొద్దు."

గుడ్డ మార్చినప్పుడల్లా ఎర్రగానే వచ్చింది. నా భార్య గోడవైపు తిరిగి ఇంటిదేవుణ్ణి తలుచుకుంటోంది. డాక్టరమ్మ వేలు మాత్రం సడలలేదు. మాటల్లో పెడుతూ అంగడి గురించి, దాణా ధరల గురించి ఏవేవో అడిగారు, జవాబు చెప్పలేనని తెలిసి కూడా. చాలాసేపటికి గుడ్డ పలచటి గులాబీరంగులో వచ్చింది. మరోసారి తెల్లగానే వచ్చింది.

"ఇట్రామ్మా, సూడు."

నా భార్య నా నోట్లోకి తొంగిచూసి అక్కడే ఏడ్చేసింది. అప్పుడు గానీ డాక్టరమ్మ అన్నం క్యారియర్ తెరవలేదు.

ఆ తర్వాత డయాలసిస్ కేంద్రానికి ఆమే చెప్పి పెట్టారు, పంటినొప్పి అంటే వెనక్కి తిప్పొద్దు, నా దగ్గరికి పంపండని. మంచాల మీద మేం ఆమె మాటలే ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కులోంచో చిగుళ్ళలోంచో రక్తం కారుతోందని బెదిరితే, "డాక్టర్లకు చెప్పు, దాచుకోవద్దు, దారి ఉండాది" అని ధైర్యం చెప్పడం నాకూ అలవాటైంది.

కర్మకు కుప్పం వెళ్ళాను. భోజనాల పంక్తిలో నా పక్కన ఒక ముసలమ్మ కూర్చుంది. రామకుప్పం పక్క పల్లెనట, మేకలు కాస్తుందట. నా మోచేతి దగ్గర డయాలసిస్ సూదుల మచ్చలు చూసి, తన కొంగు జరిపి తన చేతి మచ్చలు చూపించింది.

"నీకూ ఆయమ్మే పీకిందా నాయనా?"

"అవునమ్మా."

ఆమె నోరు తెరిచి, ఖాళీగా ఉన్న చోటు వేలితో చూపించి నవ్వింది. కళ్ళలో నీళ్ళు అట్లాగే ఉన్నాయి. తర్వాత విస్తట్లో గారె తీసుకుని, రెండో వైపు పళ్ళతో కరకరా కొరికింది.