బాపు దండ వేయని ఫ్లెక్సీ

మేం అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ పిలుస్తాం. అవ్వకు ఫొటో అంటే చిరాకు. ఎవరైనా ఫోన్ ఎత్తితే చాలు, కొంగు అడ్డం పెట్టుకునేది. ఒక్కసారి మాత్రం, కరీంనగర్‌లో మా అన్న ఇంట్లో, పడీపడీ నవ్వుతుంటే అన్న ఫోన్‌కు దొరికిపోయింది. నుదుటి మీది పచ్చబొట్టు, ఎత్తుపన్ను, అన్నీ ఉన్నాయి అందులో. నాకూ పంపమని ఎన్నిసార్లు అడిగానో.

"నా ఫోన్ల ఉన్నది గదా, యాడికి పోతది?" అనేవాడు.

అవ్వ పోయాక బాపు అడిగింది ఆ ఫొటో ఒక్కటే. దశదినకర్మకు మందమర్రిలో మా క్వార్టర్ ముందు కట్టే ఫ్లెక్సీ మీద ఆ నవ్వే ఉండాలన్నాడు.

మా మొనగాడు అన్న నన్ను వెంటబెట్టుకుని ఫ్లెక్సీ షాపుకు పోయి, ఫొటోల యాప్ తెరిచాడు. బొటనవేలు నొప్పెట్టేదాకా వెతికినా అవ్వ లేదు. ఫొటో ఫోన్లో ఉందో, ఆన్‌లైన్ ఖాతాలో ఉందో ఆ యాప్ చెప్పదు, ఈయన అడగడు. జాగా లేదని ఫోన్ మొత్తుకుంటే ఒకనాడు సరే అని నొక్కాడట. దాంతో ఫోన్లో ఉన్నవి పోయి, ఖాతాలో ఉన్నవే మిగిలాయి. అయినా తెరమీద కనపడుతూనే ఉండేవి. తర్వాత ఖాతా నిండింది. ఫోన్లో ఉన్నాయిలే అనుకుని అక్కడా తుడిచేశాడు.

ఇక మిగిలింది అవ్వ నంబర్ పక్కన పెట్టుకున్న గోరంత బొమ్మ. పెద్దది చేస్తే మొహమంతా అలుక్కుపోయింది. షాపతను కంప్యూటర్‌తో మొహం కొత్తగా తయారుచేయించాడు. తెల్లటి ఒళ్లు, వరుసగా పళ్లు. పచ్చబొట్టు లేదు. వద్దని నేను గొడవపడ్డాను. మంచిగనే ఉందన్నాడు అన్న. కింద చేతులు జోడించిన తన ఫొటో మాత్రం మీసం వెంట్రుకలు కూడా కనపడేలా వేయించుకున్నాడు.

కర్మనాడు బాపు చేతికి దండ ఇచ్చారు. ఫ్లెక్సీ వైపు చాలాసేపు చూశాడు.

"గీమె ఎవలు?"

"అవ్వనే బాపు. అందరు చూస్తున్నరు, వెయ్యి." అన్న తొందరపెట్టాడు.

"ఎర్కలేని ఆడిమనిషికి నేనెట్ల దండేస్తరా?"

దండ కుర్చీలో పెట్టి లోపలికి పోయాడు. అన్న ఏమాత్రం సిగ్గుపడలేదు. ఆ దండ తీసి తనే వేసి, దాని పక్కన నిలబడ్డాడు. చుట్టాలంతా ఫోన్లు ఎత్తి ఫొటోలు తీసుకున్నారు. ఆ తెల్లటావిడ ఇప్పుడు అందరి దగ్గరా భద్రంగా ఉంది.