చెవిలో తిరిగే పిగ్గు

ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్ళకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన పాముచెవులు. ముద్దొచ్చినప్పుడు పాంచెవులు, ఒళ్ళు మండినప్పుడు కూడా పాంచెవులే. నిలువెత్తు లోతున పాతిపెట్టిన పైపులో పిగ్గు పోతుంటే, పైన నేల మీద నిలబడి దాని చప్పుడు వినడం ఆయన ఉద్యోగం.

పిగ్గంటే నాలుగు కాళ్ళ పంది కాదు. ఇనప కడ్డీకి మందపాటి రబ్బరు బిళ్ళలూ, తీగ బ్రష్షులూ బిగించిన పనిముట్టు. డీజిలు పారే పైపులో ఒక చివర దాన్ని దూర్చి వదిలితే, వెనక నుంచి డీజిలే దాన్ని నెట్టుకుపోతుంది. అది గోడలకి పట్టిన మడ్డినంతా గీక్కుంటూ పోయి అవతలి స్టేషన్లో తేలుతుంది. తేలితే సరే, దారిలో ఎక్కడో ఇరుక్కుని కూర్చుంటేనే అందరి ప్రాణం మీదికీ వస్తుంది. అందుకే రోడ్డు దాటే చోటా, కాలవ దాటే చోటా పాతిన గుర్తు రాళ్ళ దగ్గరికి ముందే పోయి కాచుకోవాలి. నేలలో గుచ్చిన మైకుకి హెడ్‌ఫోను తగిలించుకుని, కింద అది పోయిన క్షణాన కంట్రోల్ రూంకి "దాటింది" అని చెప్పాలి. ఉద్యోగమంతా కలిపి ఆ ఒక్క మాటే. కాకపోతే ఆ మాట మీద వాల్వులు తిరుగుతాయి, తలుపులు తెరుచుకుంటాయి.

ఆయన చెవుల గురించి చాలా కథలున్నాయి. ఒకసారి పైపుకి చెవి ఆన్చి, అవతలి ఊళ్ళో పంపు ఆపరేటరు తుమ్మితే విని, మాత్ర వేసుకోమని ఫోన్ చేశాడట. ఇంకోసారి, "వెనక బ్రష్షులో ఒక తీగ వంగింది" అని పైనుంచే చెప్పాడట. తీరా బయటికి తీస్తే రెండు వంగి ఉన్నాయి. "రెండోది నేను చెప్పాక వంగింది," అని ఆయన వివరణ. ఈ కథలన్నిటికీ సాక్షి ఒక్కడే, చెప్పేవాడే.

"బావా, నువ్వు కోసే కోతలకి కుప్పలు వెయ్యడానికి మనుషులు దొరకట్లేదు," అనేవాడు బావమరిది. అతను ఆయన భార్యకి తమ్ముడు. పిగ్గు తేలే స్టేషన్లో వాల్వు మూసి, తలుపు తీసి, దాన్ని బయటికి లాగే పని అతనిది. ఆ పనిలో పెట్టించింది బావే.

కథల పుట్టలాంటి ఆ మనిషి ఒక్క కథ మాత్రం ఎవరికీ చెప్పడు. కుర్రతనంలో వేరే లైన్లో పనిచేసేటప్పుడు, పిగ్గు పైపు చివర తలుపుండే లావుపాటి గొట్టంలోకి, అదే బ్యారెల్ లోకి, పూర్తిగా రాకుండా మెడ దగ్గర ఇరుక్కుంది. ఒత్తిడి కొలిచే గేజి ముల్లు సున్నా చూపించింది. చూపించదూ మరి! గేజి ఉన్నది పిగ్గుకి ముందు వైపు, ఒత్తిడంతా ఉన్నది దాని వెనక. ముల్లుని నమ్మి తలుపు తీశారు. పిగ్గు ఫిరంగి గుండులా వచ్చింది. ఆ తలుపు తీసిన మనిషి ఆ తర్వాత మళ్ళీ ఏ తలుపూ తీయలేదు. ఈ కథకి రంగులు అద్దడం పాముచెవులకి చేతకాలేదు. అందుకే మింగేశాడు.

మొన్న ముసురు పట్టినప్పుడు ఆయనకి జలుబు చేసింది. జలుబు పోయింది, చెవుల్లో ఒక మోత మిగిలింది. ముందు ఫ్రిజ్జు అనుకున్నాడు. ప్లగ్గు పీకేశాడు. పాలు విరిగాయి గానీ మోత ఆగలేదు. తర్వాత పైవాటా వాళ్ళ మోటారు అనుకుని వాళ్ళతో గొడవ పెట్టుకున్నాడు. వాళ్ళకి మోటారే లేదు.

మామూలు మోతయితే ఏ మూలో పడి ఉండనిచ్చేవాడే. అది అచ్చం పిగ్గు మోత! దూరాన బండరాయి దొర్లుతున్నట్టు గుర్రుమంటుంది. మధ్యమధ్యలో, పైపు అతుకుల మీద రబ్బరు బిళ్ళ ఎక్కి దిగినట్టు టక్కు, టక్కు. అన్నం తింటుంటే కంచం కింద నుంచి పిగ్గు పోతుంది. పడుకుంటే దిండులో పోతుంది. గుండె కాస్త అదిరితే చాలు, ఆ టక్కులు పరుగందుకుంటాయి. అంటే ఆయన ఎంత కంగారు పడితే పిగ్గు అంత జోరుగా వస్తుందన్నమాట.

అయినా బండి నడిచింది. ఎందుకంటే పిగ్గు కడుపులో ఒక బ్యాటరీ ఉంటుంది. అది కింద నుంచి పోతుంటే పైన కాచుకున్న మనిషి చేతిలోని పెట్టెలో ఎర్ర దీపం వెలుగుతుంది. పాముచెవులు ఇదివరకు ఆ పెట్టెని జీపులోనే పారేసేవాడు. ఇప్పుడు హెడ్‌ఫోను పెట్టుకుని, తపస్సులో ఉన్నట్టు కళ్ళు మూసుకుని, సందు చూసుకుని ఒక కన్ను తెరిచి దీపం చూసి, "దాటింది" అంటున్నాడు. ఎవరూ పసిగట్టలేదు. ఒక్క భార్య తప్ప.

ఆ రోజు పొద్దున బూట్లు వేసుకుంటుంటే ఆవిడ అడిగింది.

"ఏవండీ, ఇవాళ మీ పంది తేలేది మా తమ్ముడి స్టేషన్లోనేనా?"

"ఆఁ."

"వాడికి తొందరెక్కువ. కాస్త దగ్గరుండి చూసుకోండి."

"సరే."

"ఏం వినబడింది మీకు?"

"సరే అన్నానుగా!"

"అదే నా భయం. ఈ మధ్య ఏమన్నా సరే అంటున్నారు. మొన్న మా పిన్నిని నెల్లాళ్ళు ఉండమని పిలవనా అంటే సరే అన్నారు."

ఆయన చేతిలో బూటు తాడు ఆగిపోయింది. "పిలిచావా?"

"లేదు. వింటున్నారా లేదా అని చూశా."

ఆయన జీపెక్కాడు. చెవుల్లో పిగ్గు ఆయన కంటే ముందే బయల్దేరింది.

సగం దారి దాకా దీపం బాగానే వెలిగింది. కాలవ వంతెన దగ్గర గుడ్డి దీపమైంది. ఆ తర్వాతి రాయి దగ్గర మిణుకు మిణుకుమని ఆరిపోయింది. పిగ్గు కడుపులో బ్యాటరీ చచ్చిపోయింది. పెట్టెని చేత్తో కొట్టాడు, ఒడిలో పెట్టుకుని బతిమాలాడు. ఫోన్ చేసి చెప్పాడు.

కంట్రోల్ రూం మేడం నవ్వింది. "పెట్టె మూగబోతే ఏమైందండీ? పాముచెవులు గారున్నారుగా!"

"స్టేషన్లో జెండా పనిచేస్తుందా మేడం?" అని గొంతు తగ్గించి అడిగాడు. బ్యారెల్ లోకి పిగ్గు రాగానే టక్కున లేచే చిన్న ఇనప జెండా అది. తుప్పు పట్టి ఎప్పుడో పడుకుంది.

"మర్చిపోయారా? బాగుచేయిస్తానంటే, 'నా చెవులుండగా జెండాలెందుకండీ' అన్నది మీరే. అందరం చప్పట్లు కూడా కొట్టాం."

కొట్టారు. ఆ చప్పట్లు ఆయనకి బాగా గుర్తున్నాయి.

చివరి గుర్తు రాయి ఒక లాండ్రీ వెనక సందులో ఉంది. గోడకి అవతల బట్టలుతికే మిషన్లు గిరగిరా తిరుగుతున్నాయి. దుప్పట్లు ఆరేస్తున్న ఒకావిడ, నేలలో మైకు గుచ్చుతున్న ఆయన్ని చూసి, "ఏం పోగొట్టుకున్నారు?" అని అడిగింది.

హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. గుర్రుమని మోత. టక్కు, టక్కు. వస్తోంది. కాదు, ఇది నాదే. కాదు, వస్తోంది. హెడ్‌ఫోను తీసి చూస్తే తేలిపోతుందిగా అని తీశాడు. మిషన్ల హోరులో ఏదీ తేలలేదు. మళ్ళీ పెట్టాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. టక్కులు జోరందుకున్నాయి. జేబులో ఫోను మోగింది.

"లెక్క ప్రకారం ఈపాటికి రావాలండీ. దాటిందా?"

తెలీదు అనే మాట ఆయన ఎప్పుడూ వాడి ఎరగడు. వాడని మాట వేళకి దొరకదు.

"దాటింది," అంది ఆయన నోరు.

స్టేషన్ ఆవరణ చేరేసరికి బావమరిది వాల్వు చక్రం తిప్పుతున్నాడు. అక్కడ పైపు నేలలోంచి పైకి లేచి, లావుపాటి బ్యారెల్ గా మారి, గుండ్రటి ఇనప తలుపుతో ముగుస్తుంది.

"రా బావా రా! నీ పంది ఇంట్లోకొచ్చి కూడా చాలాసేపయింది. నువ్వే లేటు."

"వచ్చిన చప్పుడు విన్నావా?"

"నేనెందుకు వింటాను? గేటు దగ్గర లారీవాడు ఇనుము దింపుతుంటే చెవులు చిల్లులు పడ్డాయి. నువ్వు దాటిందన్నావు, మేడం లెక్కేసి వచ్చేసుంటుందంది. చాలదా?" చక్రాన్ని చివరిసారి గుంజి వదిలాడు. "ఇదొకటి, చివర్లో మొరాయిస్తోంది. దీనికీ వయసైపోయింది, నీలాగే."

పాముచెవులు ముందుకి వంగాడు. బ్యారెల్ మెడకి మైకు ఆన్చి హెడ్‌ఫోను పెట్టుకున్నాడు. గుర్రుమని మోత, టక్కు, టక్కు.

బావమరిది బ్యారెల్ లో డీజిలంతా వంపేశాడు. గేజి ముల్లు వాలుతూ వాలుతూ సున్నా మీద పడుకుంది. ఫోను స్పీకర్లో మేడం గొంతు వినబడింది. "సున్నా వచ్చిందా? తలుపు తీయండి."

బావమరిది చేతి తొడుగు సర్దుకుని తలుపు గడియ మీద చెయ్యి వేశాడు.

పాముచెవుల గుండె దడదడలాడింది. చెవుల్లో పిగ్గు పరుగెత్తింది. టక్కుటక్కుటక్కుటక్కు. అప్పుడు తట్టింది ఆయనకి. పిగ్గు వచ్చేసి ఉంటే కిక్కురుమనకుండా పడి ఉండాలి. వాల్వు మూశాక, డీజిలు ఆగాక, దానికి పరుగెక్కడిది? హెడ్‌ఫోను లాగేశాడు. మోత అలాగే ఉంది. ఇదే మోత లాండ్రీ వెనక విన్నది. ఇదే మోత మీద దాటిందన్నది. చక్రం చివర్లో మొరాయించింది. ముల్లు సున్నా చూపిస్తోంది. మింగేసిన కథ మొత్తం కళ్ళముందు నిలబడింది, తలుపు దగ్గర మనిషితో సహా. ఈసారి ఆ మనిషికి ఆయన భార్య పోలికలున్నాయి.

"ఆగరా!"

బావమరిది ఉలిక్కిపడ్డాడు. "ఏంటి బావా, గుండె ఆగిపోయిందనుకున్నా!"

"అది దాటిందో లేదో నాకు తెలీదురా."

"ఏం తెలీదు?"

"లాండ్రీ దగ్గర విన్నది పిగ్గో కాదో తెలీదు. ఇప్పుడిందులో ఉందో లేదో తెలీదు. నా చెవుల్లో మోత. చాలా రోజులుగా ఉంది."

స్పీకర్లో మేడం పకపకా నవ్వింది. "ఏమండీ పాముచెవులు గారూ, ఇవాళ కొత్త కథా? పిగ్గు మీ చెవిలోంచి పోయిందా?"

"అవును మేడం," అన్నాడాయన.

ఆవిడ ఇంకా నవ్వింది. "తీయండి బాబూ తలుపు, మీ బావగారు మిమ్మల్ని ఆటపట్టిస్తున్నారు. వెనక ట్యాంకు నిండిపోతోంది, లైను ఎంతసేపని ఆపను?"

పాముచెవులు ఇన్నేళ్ళు చెప్పిన గొప్పలన్నీ వచ్చి ఇప్పుడు ఆయన మాటకి అడ్డం కూర్చున్నాయి. చేతులు జోడించాడు. బావమరిది ఆ చేతుల్ని చూశాడు, మొహాన్ని చూశాడు. గడియ మీద చెయ్యి నెమ్మదిగా తీసేశాడు. తలుపుకి ఎదురుగా ఉన్నవాడల్లా పక్కకి జరిగాడు.

"మేడం, నేను తీయను."

"మీరు కూడానా!"

"మా అక్క పెళ్ళైన దగ్గర్నుంచీ ఈ మనిషిని చూస్తున్నా మేడం. చంద్రుడి మీద ఏ పైపుకి ఎక్కడ చిల్లుందో అడగండి, చెప్తాడు. తెలీదు అనడం మాత్రం ఇదే మొదటిసారి వింటున్నా. అందుకని ఇది నిజం."

అవతల నవ్వు ఆగింది. మేడం గొంతు మారిపోయింది. "సరే. డ్రెయిన్ మూసేయండి. బ్యారెల్ నింపి, ఒత్తిడి రెండు వైపులా సమానం చేసి, వాల్వు మళ్ళీ తెరవండి. తలుపు దగ్గర ఎవరూ ఉండొద్దు."

ఇద్దరూ గోడ వెనక చేరారు. చక్రం తిప్పాక డీజిలు మళ్ళీ పారడం మొదలైంది. ఏమీ జరగలేదు. ఇంకా ఏమీ జరగలేదు. పాముచెవులు బావమరిది మొహంలోకి చూస్తున్నాడు, ఏదైనా వినబడితే ముందు ఆ మొహంలోనే కనబడుతుందని. ఉన్నట్టుండి ఆ మొహం బిగుసుకుంది. వెంటనే పాదాల కింద నేల అదిరింది. ధన్!

ఇనుము ఇనుముని గుద్దిన చప్పుడు. దానికి పాము చెవులక్కర్లేదు, గేటు దగ్గర లారీవాడు కూడా తల తిప్పి చూశాడు. అప్పటిదాకా పిగ్గు మెడలోనే ఉంది, సగం లోపల, సగం వాల్వు నోట్లో.

ఈసారి చక్రం చివరిదాకా మెత్తగా తిరిగింది. బావమరిది అక్కడే నేల మీద కూలబడ్డాడు. చేతి తొడుగులు తీద్దామంటే ఊడి రావడం లేదు. పాముచెవులు పక్కన కూర్చుని, ఆ తొడుగుల్ని ఒక్కో వేలూ పట్టుకుని లాగి తీశాడు.

"అక్కకి చెప్పకు," అన్నాడు బావమరిది.

"దాని దగ్గర దాగుతుందట్రా?"

మేడం పెద్దగా కోప్పడలేదు, అందుకే ఇంకా భయమేసింది. "రేపు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. రిపోర్టు వచ్చేదాకా హెడ్‌ఫోను ముట్టుకోకండి. వచ్చాక మీ పని సంగతి చూద్దాం. జెండా నేను రేపే వేయిస్తా."

లాండ్రీ వెనక ఆయన విన్నది పిగ్గునో, తన చెవినో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

మర్నాడు డాక్టరు ఆయన్ని బీరువాలాంటి గాజు గదిలో కూర్చోబెట్టింది. చెవులకి హెడ్‌ఫోను తగిలించి, చేతిలో ఒక మీట పెట్టింది. "చప్పుడు వినబడగానే నొక్కండి. అంతే." తలుపు మూసేసింది.

గాజుకి అవతల భార్యా, బావమరిదీ నిలబడ్డారు. ఉద్యోగం ఉంటుందో పోతుందో ఆ మీట చెప్తుంది. గదిలో గాలి కూడా కదలడం లేదు. గుర్రుమని మోత. టక్కు, టక్కు. బొటనవేలు మీట మీదికి పోయింది. నొక్కితే పాత పాముచెవులు. ఎంత సన్న చప్పుడైనా విన్నట్టే లెక్క. బావమరిది గాజు అవతల నుంచి పెదవులతో ఏదో అంటున్నాడు. "కొయ్యకు బావా," అంటున్నట్టుంది.

ఆయన మీట మీద నుంచి వేలు తీసేశాడు. డాక్టరు వైపు చూసి, తల అడ్డంగా ఊపాడు.

"తెలీదండీ," అన్నాడు. రెండోసారి అనడం కాస్త తేలికైంది.

గాజుకి అవతల భార్య మొహం తిప్పుకుని కళ్ళు తుడుచుకుంది. డాక్టరు ఏదో రాసుకుని, చప్పుడు పెంచింది.