ఏడు నోట్లకు పట్టిన గంజి

1954 వానకాలం నాటికి, సోలాపూర్ దాజీ పేట్‌ల ఒక చేతిమగ్గాల కార్ఖానాల నేను గంజి పనికి చేరి మూడేండ్లయింది. చదివింది మూడో తరగతి దాకనే. కొలత, లెక్క పనిలనే నేర్చిన.

మగ్గం మీద నిలువుగ సాగే నూలును పడుగు అంటరు. దానికి గంజి పట్టకపోతె రాపిడికి పోగులు తెగుతయి. కుంచెతోని గంజి పూసేటోళ్లది అందరికన్న కింది పని. పడుగును సాగదీసి ఆరబెట్టేటోళ్లు వాళ్లకు పైన. అందరి మీద గంజి మేస్త్రి. పిండి ఎంత, నీళ్లెన్ని, సెగ ఎప్పుడు తగ్గించాలె, అంత ఆయన ఇష్టం. మా కార్ఖానాల ఆడమనిషి ఎన్నడూ ఆ గంజి కుండ పట్టలేదు. ముసలి మేస్త్రికి చూపు ఆనుతలేదని, దసరా నుంచి కుండ నీకే అని సావుకారు నాతోని అన్నడు. నేను దసరా కోసం రోజులు లెక్కబెడుతున్న.

సావుకారుకు పరదేశపు నోట్ల పిచ్చి. ఆయన తమ్ముడు రంగూన్‌ల ఉంటుండె. యుద్ధం అయినంక అటు దేశాలల్ల సర్కార్లు మారినయి, నోట్లు మారినయి. బర్మా, మలయా, చైనా, ఎక్కడి నోటు దొరికినా తమ్ముడు పంపిస్తుండె. ఈయన వాటిని పాత రిజిస్టర్ల పేజీకొకటి పెడుతుండె. అన్నిట్ల బర్మా నెమలి నోటంటె పాణం. చెల్లని నోటు దాచుడేందని నాకు లోపల కోపమే. ఉప్పు కూడ రాదు దానికి.

ఆ ఏడాది ముసురు పట్టి రిజిస్టరు చెమ్మగిల్లింది. నోట్లు మార్చుకునుటానికి బొంబాయి నుంచి ఇంకో నోట్ల షోకుదారు ఆదివారం వస్తున్నడు. సావుకారు నన్ను పిలిచి, "నర్సవ్వా, చేతులు కడుక్కొని వీటిని గాలికి ఆరబెట్టు" అన్నడు. అంతే చెప్పిండు.

ఆరినంక చూస్తె నోట్లు మెత్తగ, వడలిపోయి ఉన్నయి. మెత్తటిది చూస్తె నా చెయ్యి ఊరుకోదు. సన్న నూలుకు పట్టేటంత పలచటి జొన్న గంజి కాసి, నెమలి నోటుతోని కలిపి ఏడు నోట్లకు పట్టించిన. చెంబుల నిప్పులేసి ఇస్త్రీ చేసిన. పెళపెళలాడినయి. ఎంత బాగ చేసిననో అనుకున్న.

అప్పుడే సావుకారు తల్లి, మేమంత పెద్దవ్వ అనేటామె, వచ్చింది.

"ఏందే, నోట్లకు పెండ్లి చేస్తున్నవా?" అని నవ్వబోయి, నెమలి నోటు చూసి ఆగిపోయింది. "నీ చేతులిరగ! మడత పడ్డ నోటును మడతతోనే ఉంచుతడు వాడు. కన్నతల్లిని నన్నే ముట్టనియ్యడు."

"ఇప్పుడెట్ల, పెద్దవ్వా?"

"ఎట్లేంది? అడుగున పెట్టి మూసెయ్. దసరా దాక నోరు తెరవకు."

మూసెయ్యబుద్ధి అయింది, అబద్ధమెందుకు. కాని పడుగుల తప్పు దాస్తె మగ్గం మీద బయటపడుతది. అప్పటికి సరిచేసే వీలుండదు. ఆ సాయంత్రమే ఏ నోట్లు, ఎన్ని, ఏ గంజి, ఎంత చిక్కన, అంత సావుకారుకు చెప్పిన. ఆయన నెమలి నోటును ఒకసారి ముట్టి పక్కన పెట్టిండు. "ఆదివారం ఆయన ముందట నువ్వే చెప్పు" అన్నడు. కుండ మాట ఎత్తలేదు.

ఆదివారం బొంబాయి ఆయన ఆ ఏడు నోట్లల్ల మొదటిది పట్టుకోంగనే, "హే కాయ్ కేలంస్, బాయీ?" అని, ఇదేం చేసినవమ్మా అని మరాఠీల, నెత్తి పట్టుకున్నడు. చేసింది చెప్పిన. పాత నోటుకు దాని మడతనే అందమట, కొత్తగ చేస్తె అది పాతదీ కాదు, కొత్తదీ కాదట. ఏడూ వద్దన్నడు. మిగిలినవాటికి మార్పుగ తను తెచ్చిన నోట్లు పరిచిండు.

నా కన్ను రెండిటి మీద ఆగింది. అవి బిర్రుగ ఉన్న తీరు నాకు తెలుసు. అడిగి చేతిల పట్టుకొని, నోటి ఆవిరి ఊది వేలు పెట్టిన. గంజి తడి పీలుస్తది, వేలికి అంటుతది. అంటింది.

"వీటికి గంజి ఉన్నది. జొన్నది కాదు, మైదాది. నాకంటె చిక్కగ పట్టించిండ్రు" అన్న.

ఆయన ముఖం మాడింది. బొంబాయిల ఒకడు ఎన్నడూ మడత పడని కొత్త నోట్లని చెప్పి అంటగట్టిండట. తనూ ఊదిండు, వేలు పెట్టిండు, నవ్విండు. "నాతోని బొంబాయి రా, బాయీ."

"దసరాకు మాకు పని ఉన్నది ఆమెతోని" అన్నడు సావుకారు. "చూడంగనే గంజి కొలత చెప్పే మనిషి కుండ కాడనే ఉండాలె."

కుండ పట్టిన. కార్ఖానాకు పవర్‌లూములు వచ్చేదాక నేనే మేస్త్రిని. చెడిన నెమలి నోటును సావుకారు నాకే ఇచ్చిండు. రెండు వానకాలాలు దాటేసరికి గంజి వాసనకు పురుగు పట్టి నెమలి మెడ తినేసింది. రిజిస్టర్ల ఉన్న నోట్లకు ఏమీ కాలేదు.

బట్టకు గంజి పట్టించేది, తర్వాత దాన్ని ఉతుకుతరు గనక. ఉతకనిదానికి గంజి పట్టియ్యొద్దు. పనికి కొత్తగ వచ్చిన ప్రతి పిల్లకు ఆ మెడ లేని నెమలిని చూపించి, మొదాలు ఈ మాటనే చెప్పిన.