పది రోజుల మూటతో మద్రాసుకు

మా కాలనీ సంతలో కూరగాయల వరుస అయిపోయి కోళ్ల గంపలు మొదలయ్యే మూల మీద, బోనకల్ వైపు నుంచి వచ్చే ఒకామె ప్రతి ఆదివారం ఎండుచేపల గోనెసంచి మూతి విప్పుతుంది. ఆ వాసన గాలికి లేవగానే నా పక్కన నడిచేవాళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. నేను మాత్రం టమాటాల సంచి చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోతాను. ఆమెకు నేను అలవాటైపోయాను. "కొనేదుందా, ఊకె నిలబడుడేనా అమ్మా?" అని నవ్వుతుంది. ఒక్కోసారి కొంటాను, ఒక్కోసారి లేదు. కానీ ఆ ఉప్పు వాసన వెంట ప్రతిసారీ నా పదేళ్ల వయసు వస్తుంది, ఒకే ఒక్క రోజు చూసిన మద్రాసు వస్తుంది, దాని వెనకాల మా ఊరంతా వస్తుంది.

మా ఊరు టేకులపల్లి దాటి అడవిలోకి పోయే మట్టిరోడ్డు చివర ఉండేది. అడవిలో ఏది దొరికితే అదే మాకు నెల పేరు. ఎండ ముదరకముందే ఇప్పపూలు రాలేవి, తెల్లవారుతుండగా గంపలు పట్టుకుని పోతే చెట్ల కింద నేలంతా పసుపు పచ్చగా, తియ్యటి మత్తు వాసనతో మెత్తగా ఉండేది. ఆ పూలను ఎండబెట్టి, వేయించి, నువ్వులూ బెల్లమూ కలిపి మా నాయనమ్మ ముద్దలు కట్టేది. దాని వెనక బీడీలకు పోయే తునికాకు కాలం, ఇంటిల్లిపాదీ వాకిట్లో కూర్చుని ఆకులు లెక్కపెట్టి నారతో కట్టలు కట్టడం, కట్టిన వేళ్లు నల్లబడటం. వానలు పడితే పుట్టకొక్కులు, వెదురు కొమ్ముల కూర. పిల్లలం చిర్రగోనె ఆడేవాళ్లం, తొక్కుడుబిళ్ల ఆడేవాళ్లం, వాగు ఒడ్డున కోతికొమ్మచ్చి ఆడేవాళ్లం, ఏదీ తోచకపోతే బడి నుంచి వాగుదాకా ఎవరు ముందు పోతారో చూద్దామని ఉరికేవాళ్లం. ఉరకడంలో ఊళ్లో నన్ను మించినవాళ్లు లేరు. ఇది గొప్పకు చెప్పడం కాదు, ఆ తరువాత జరిగింది చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

ఒక వానాకాలం మా బడికి డాక్టరు వచ్చిండు. వరసగా నిలబెట్టి అందరి కళ్లూ పళ్లూ చూసి, ఛాతీ మీద చల్లటి బిళ్ల పెట్టి వింటూ పోతున్నాడు. నా దగ్గర ఆగిండు. మళ్లీ విన్నాడు. వెనక్కి తిప్పి వీపు మీద పెట్టి విన్నాడు. సాయంత్రం మా సారు స్వయంగా ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని, మంచినీళ్లు కూడా తాగకుండా చెప్పాడు. గుండెలో అదనంగా ఒక చప్పుడు వినబడుతోందట. రంధ్రం ఉండొచ్చట. పెద్ద దవాఖానాలో చూపించేదాకా పిల్లను ఉరకనీయొద్దట.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడటం మొదలుపెట్టారు. నేను గడప దాటితే చాలు, అమ్మ ఎక్కడున్నా "ఉరకకు బిడ్డా" అనేది. పొయ్యి దగ్గరున్నా, గొడ్ల దగ్గరున్నా, పక్కింటామెతో మాట్లాడుతున్నా ఆ మాట ఆమె నోటి చివరే ఉండేది. ఒంటరిగా కూర్చుని ఆడుకునే కచ్చకాయల్లో నేను ఆరితేరాను. ఆ ఏడు బతుకమ్మకు అమ్మ తంగేడు, గునుగు, కట్లపూలు తెచ్చి ఎప్పటికన్నా ఎత్తుగా పేర్చింది కానీ, ఆడపిల్లలంతా చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే నన్ను మాత్రం పీట వేసి పక్కన కూర్చోబెట్టింది. రొట్టె నలిపి బెల్లం కలిపిన సద్దుల మలీద మూట నా ఒళ్లో పెట్టారు. ఆట ఆగినప్పుడల్లా అందరూ వచ్చి నా దగ్గర పిడికెడు తీసుకుపోయేవాళ్లు. నాకు మలీద అంటే ప్రాణం, ఆ రోజు మాత్రం ఒక్క ముద్ద కూడా నోట్లో పెట్టుకోలేదు.

మా సారు బంధువు ఒకాయన మద్రాసులో పనిచేసేవాడు. ఆయనకు ఉత్తరం మీద ఉత్తరం రాసి, అక్కడి పిల్లల గుండె దవాఖానాలో చూపించుకోవడానికి మాకు ఒక రోజు ఇప్పించేసరికి మళ్లీ తునికాకు కాలం వచ్చింది. ఆపరేషన్ అయితే పది రోజులు ఉండాల్సి వస్తుందని ఉత్తరంలో రాశారు. అమ్మ రాలేకపోయింది. ఇంట్లో పాలిచ్చే బర్రె, వాకిట్లో ఆకు. నాయిన, నాయనమ్మ, నేను బయలుదేరాం. నాయనమ్మ పది రోజులకు మూట కట్టింది: బియ్యం, చింతపండు, వెల్లుల్లి కారం, సత్తుపిండి, ఇప్పపూల ముద్దలు, రక్తం కారితే తుడవడానికని నాలుగు పాత మెత్తటి చీర ముక్కలు. ఆ ముక్కలు ఎందుకో అప్పుడు నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రోడ్డు మీద ఆటో ఎక్కేటప్పుడు అమ్మ నా జడ రెండుసార్లు విప్పి రెండుసార్లు వేసింది.

ఖమ్మంలో రైలెక్కి తెల్లారేసరికి మద్రాసులో దిగాం. ఎర్రటి స్టేషను, దాని నెత్తిన గడియారం, బయట అర్థంకాని అరుపులు. నాయిన నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకున్నాడంటే గాజు విరిగింది. దవాఖానాలో పొడుగాటి బెంచీ మీద మాలాంటివాళ్లే వరసగా, ఒక్కో పిల్లను మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. మా వంతు వచ్చాక లోపల మంచం మీద పడుకోబెట్టి, ఛాతీ మీద చల్లటి జిగురు రాసి, ఒక మరతో అటూ ఇటూ రుద్దారు. పక్కన టీవీలాంటి దానిలో ఏదో నల్లగా, తెల్లగా కదులుతోంది. అదే నా గుండె అని నర్సు చెప్పింది. ఆమె నెల్లూరు ఆమె, అక్కడ మా భాష వచ్చింది ఆమె ఒక్కదానికే. తెల్లజుట్టు డాక్టరమ్మ చాలాసేపు చూసింది, తన చెవులకు గొట్టం పెట్టుకుని విన్నది, తరువాత అరవంలో రెండు ముక్కలు చెప్పి నా బుగ్గ తట్టింది.

"ఏం లేదన్నా," అన్నది నర్సు. "రంధ్రం గింధ్రం ఏమీ లేదు. కొంతమంది పిల్లలకు ఆ శబ్దం ఊరికే ఉంటుంది. పెద్దయితే అదే పోతుంది."

నాయినకు అర్థం కాలేదు. "ఆపరేషన్ ఎప్పుడంటరు?"

"ఆపరేషన్ లేదు. మందులు కూడా లేవు. ఇంటికి తీసుకుపోండి."

"మరి ఉరకొచ్చా?"

"ఉరకొచ్చు, ఎగరొచ్చు, చెట్టెక్కొచ్చు. ఇక బయలుదేరన్నా, బయట ఇంకా పిల్లలున్నారు."

నాయిన మళ్లీ అడిగాడు. ఆమె మళ్లీ చెప్పింది. బయటికి వచ్చాక ఆయన గోడ వైపు తిరిగి, భుజం మీది తువ్వాలు మొహానికి అద్దుకుని, కొంచెంసేపు అట్లాగే నిలబడ్డాడు. నాయనమ్మ మాత్రం బెంచీ మీద కూలబడి, మూట ఒళ్లో పెట్టుకుని, దానివైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది. "పది రోజుల బియ్యంరా కొడుకా! ఇదంతా ఇప్పుడు ఎవలు మోస్తరు?" అంటూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది.

రైలు రాత్రికి. అప్పటికి పొద్దు ఇంకా నెత్తిమీదికి కూడా రాలేదు. ఏడాదిగా మా ముగ్గురికీ తెలిసిన పని భయపడటం ఒక్కటే, ఇప్పుడు ఆ పనీ లేదు. నాయిన చేతులు ఊపుకుంటూ రోడ్డు మీద నిలబడి, "వచ్చినం కదా, మద్రాస్ చూద్దాం పా" అన్నాడు.

చూశాం. పచ్చ రంగు సిటీ బస్సు ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కి, కనబడ్డదల్లా చూశాం. ఒక ఎత్తయిన మేడ అంతస్తులు నాయిన మెడ వెనక్కి వంచి లెక్కపెట్టబోయి, తువ్వాలు జారి కింద పడితే మొదటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు. మ్యూజియంలో తిమింగలం ఎముకలు చూసి నాయనమ్మ, "ఇది చేపనా? దీన్ని ఏ కుండల వండాలె?" అన్నది. అక్కడి నుంచి ఎవరో చెప్తే పాముల పార్కుకు పోయాం. టిక్కెట్టు తీసుకుని లోపలికి పోయాక అద్దాల వెనక నాగుపాము, కట్లపాము, కొండచిలువ. నాయనమ్మ కాసేపు చూసి నిజంగానే కోపం తెచ్చుకుంది. "పైసలిచ్చి పాముల చూసుడేందిరా? మన చేన్లకు రమ్మను వీళ్లను, ఉత్తగనే చూపిస్త." బయట కంచె వెనక జింకలు కనబడితే మొహమే తిప్పేసుకుంది. నాయిన నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్నాడు. ఆయన అట్లా నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా కనబడుతుందన్న సంగతి నేను ఆ ఏడాదిలో మర్చిపోయాను.

ఎండ వాలాక సముద్రం దగ్గరికి పోయాం. బస్సు దిగిన తరువాత కూడా ఇసుకలో చాలా దూరం నడవాలి. ముందు గాలి వచ్చింది, తరువాత చప్పుడు, ఆ తరువాత నీళ్లు. నాయనమ్మకు తెలిసిన పెద్ద నీళ్లు భద్రాచలం దగ్గర గోదారే. చెయ్యి కనుబొమ్మల మీద పెట్టుకుని చాలాసేపు చూసి, "అవతలి గట్టు ఏది?" అని అడిగింది. లేదన్నాడు నాయిన. ఆమె నమ్మలేదు.

"ఉరుకు బిడ్డా," అన్నాడు నాయిన నా చెయ్యి వదిలేసి. "గింత జాగ ఉంది. ఉరుకు."

నేను ఉరకలేదు. నాలుగు అడుగులు గబగబా వేసి ఆగి, వెనక్కి తిరిగి ఆయన మొహం చూశాను. కాళ్లు రాలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను, అది కొట్టుకుంటోంది, కొట్టుకోవడం మంచిదో చెడ్డదో నాకు తెలియలేదు. నాయిన దగ్గరికి వచ్చి, తన చెప్పులు విప్పి, నాతో పాటే మెల్లగా నీళ్లదాకా నడిచాడు. అల వచ్చి కాళ్ల కింద ఇసుక లాక్కుపోతుంటే ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని కేకలు పెట్టాం.

వెనక్కి చూస్తే నాయనమ్మ పడవల దగ్గర, వల మీద చేపలు ఎండబెట్టుకుంటున్న ఒకామె పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. ఆమెది అరవం, మా నాయనమ్మది మా అడవి తెలుగు. ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకుంటున్నారు. నాయనమ్మ నా వైపు చెయ్యి చూపి, గుండె మీద పెట్టుకుని, తల అడ్డంగా ఊపి, చేతులు ఆకాశం వైపు జోడించింది. ఆమెకు అర్థమైంది. లేచి వచ్చి తడి ఉప్పు చేతులతో నా మొహమంతా తడిమి, మెటికలు విరిచింది. నాయనమ్మ మూట విప్పి ఆ పది రోజుల బియ్యం, ఇప్పపూల ముద్దలు సగం ఆమె కొంగులో పోస్తే, ఆమె తాటాకు బుట్టలో దోసెడు ఎండుచేపలు పోసి ఇచ్చింది. ఖమ్మం వచ్చేదాకా రైల్లో మా పెట్టెలోవాళ్లంతా ఆ బుట్టకు దూరంగా జరిగి కూర్చున్నారు, మాకు హాయిగా కాళ్లు చాపుకునే జాగా దొరికింది.

ఈ సంతోషంలో మేం ముగ్గురం మర్చిపోయిన సంగతి ఒకటుంది. మా ఊళ్లో అప్పుడు ఫోను లేదు. పది రోజులకు పోయినవాళ్లం మూడో రోజుకే తిరిగి వస్తే ఇంటి దగ్గర మనిషి ఏమనుకుంటుందో మాకు తట్టలేదు. ఆటో ఊరి మలుపు దగ్గర ఆగింది. మేం దిగేసరికి అమ్మ అడవిలోంచి ఆకు మోపు నెత్తిన పెట్టుకుని రోడ్డెక్కుతోంది. మమ్మల్ని చూసింది. ఆగిపోయింది. మోపు నెత్తి మీద నుంచి జారి కింద పడింది, ఆమె వంగలేదు, ఒక్క అడుగు ముందుకు వెయ్యలేదు, ఏమైందని అడగలేదు. డాక్టర్లు చేతులెత్తేస్తే తీసుకొచ్చేశారని అనుకుందట, ఇది తరువాత ఎన్నోసార్లు చెప్పింది. ఎండలో ఆ మొహం బూడిద రంగులో ఉండటం నాకు ఇప్పటికీ కనబడుతుంది.

నాయిన ఇంకా ఆటోవాడికి పైసలిస్తున్నాడు. అప్పుడు నా కాళ్లు కదిలాయి. ఎవరూ చెప్పకుండానే, చెప్పులు రోడ్డు మీదే వదిలేసి ఉరికాను. సగం దూరం పోయేసరికి అమ్మ రెండు చేతులూ అడ్డంగా ఊపుతూ, "ఉరకకు! ఉరకకు బిడ్డా!" అని అరుస్తోంది. నేను ఆగలేదు. వెనకాల నుంచి నాయనమ్మ కేక వినబడ్డది: "ఉరకనియ్యే! ఉరకొచ్చట! దానికేం లేదట!"

అమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి. నేను పోయి ఆమె పొట్టకు గుద్దుకున్నాను, ఇద్దరం ఆకు మోపు మీద పడ్డాం. ఆమె ఏడ్చిందో, నవ్విందో చెప్పలేను, ముందు మాత్రం వీపు మీద ఒక్కటి వేసింది. "ఎండల చెప్పుల్లేకుండ ఉరుకుతవేందే!" ఏడాదిలో నా మీద పడ్డ మొదటి దెబ్బ అది.

ఇప్పుడు ఆ మట్టిరోడ్డు తారురోడ్డయింది. మలుపు దగ్గర ఇప్పచెట్లు రెండే మిగిలాయి. నాయనమ్మ లేదు, ఆమె ముద్దలు కట్టే కొలత ఎవరికీ రాలేదు. ఆకు లెక్కపెట్టే వాకిళ్లు లేవు, బడి నుంచి వాగుదాకా ఉరికే పిల్లలను నేను చూసి చాలా కాలమైంది. వీటన్నిటికీ నాకు బాధ ఉంది. కానీ పోయినవాటిలో ఇంకొకటి కూడా ఉంది. మొన్న మా చిన్నదానికి జ్వరం తగ్గక ఖమ్మంలో రక్తపరీక్ష చేయించాను. కాగితం చేతికి అందగానే, దవాఖానా మెట్లు దిగకముందే ఊళ్లో ఉన్న అమ్మకు ఫోను చేశాను. "ఏం లేదంటమ్మా" అన్నాను. "అవ్, మంచిది బిడ్డా," అని, అటు బర్రెను అదిలిస్తూ ఫోను పెట్టేసింది. రోడ్డు మీద ఆ మొహంతో ఎవరూ నిలబడాల్సిన పని ఇప్పుడు లేదు. అది పోయినందుకు మాత్రం నాకు ఏ బాధా లేదు.