అమ్మ పొగాకు మానిన వారం

అన్నం ముద్ద నోట్లో పెట్టుకోబోయి అమ్మ ఆగిపోయింది. నోరు తెరుచుకోవడం లేదు. ముద్దను చిన్నది చేసి పక్కనుంచి తోసుకుంది. పులుసు తగలగానే కళ్లలో నీళ్లు తిరిగాయి. తిరుపతిలో నా లాడ్జి ఉద్యోగానికి సెలవు పెట్టి, నగరిలో మా ఇంటికి వచ్చిన రోజు అది. మర్నాడే ఆమెను తిరుపతి ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మా ఇంట్లో రెండు మరమగ్గాలు. నాయన పోయాక రెండింటినీ అమ్మే నడిపేది. ఆ చప్పుడులో పక్క మనిషికి ఏం చెప్పాలన్నా సైగలే. ఆకు, వక్క, పొగాకు దవడన పెట్టుకుని నిలబడితే మధ్యాహ్నం దాకా ఆకలే తెలియదనేది.

డాక్టరమ్మ బుగ్గ లోపలి తెల్లమచ్చను చాలాసేపు చూసింది. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఫలితం రావడానికి వారం పడుతుందట.

"ఏమొచ్చినా సరే, పొగాకు ఈరోజే ఆపేయాలమ్మా. వక్క కూడా వద్దు. మరీ కావాలనిపిస్తే నీళ్లు తాగి, లేచి నడవండి. కాసేపటికి ఆ యావ తగ్గుతుంది."

"మగ్గం ఇడిసిపెట్టి యాడికి నడిసేది మేడం?" అంది అమ్మ. డాక్టరమ్మ నవ్వలేదు.

బస్సు దిగి ఇంటికొస్తూ, వీధి చివర అంగడి భాయ్‌తో అమ్మ తనే చెప్పింది. "నేనొచ్చి బతిమాలినా పొగాకు ఈయొద్దు బాయ్."

ఆ మాట ఎక్కువ రోజులు నిలవలేదు. తలనొప్పి, నిద్ర లేకపోవడం, దేనికైనా కసురుకోవడం. పోగు తెగితే వేళ్లు వణికి ముడి పడేది కాదు. నమలడానికి గిన్నెలో బొరుగులు పెడితే గిన్నెనే తోసేసింది. ఇల్లంతా బొరుగులు. నేను ఊడుస్తుంటే మగ్గం చప్పుడు ఆగిపోయింది. తలెత్తేసరికి అమ్మ వీధిలో ఉంది.

చీపురు పడేసి వెనకే పరిగెత్తాను. అప్పటికే అంగడి ముందు నిలబడి చెయ్యి చాపింది.

"ఒక్క పొగాకు కాడ ఈయప్పా. ఒక్కటే."

"నువ్వే కదక్కా ఈయొద్దంటివి."

"నేనే సెప్తా ఉండా, ఇయ్యి! ఊరికే అడగతా ఉండానా నిన్ను?"

వీధిలో జనం ఆగి చూశారు. భాయ్ తల వంచుకుని సీసాలు సర్దుకోసాగాడు, కానీ ఇవ్వలేదు. అమ్మ బజారు వైపు తిరిగింది. అక్కడ ఇచ్చేవాళ్లు పదిమంది ఉంటారు. నేను చెయ్యి పట్టుకున్నాను. విదిలించి కొట్టింది. నా మణికట్టు మీద ఆమె గాజు గీరుకుంది.

"వదల్మే! సచ్చేదేదో నమిలి సస్తా!"

"సరే, పోదాం పద. నేనూ వస్తా," అన్నాను.

ఆమె వేగంగా నడిచింది, నేను పక్కనే. మొదటి అంగడి వచ్చింది. అడుగు తడబడింది గానీ ఆగలేదు. రెండోదీ దాటింది. రైలు స్టేషన్ దాకా వెళ్లాం. అక్కడ కొళాయి దగ్గర కూర్చుని నీళ్లు తాగి, పైటతో ముఖం తుడుచుకుంది.

"తగ్గిందామ్మా?"

"కొంచిం." ఇంకో దోసెడు నీళ్లు తాగి, "బయ్యంగా ఉండాది పాపా," అంది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ మాట అనడం అదే మొదలు.

ఫలితం రోజున డాక్టరమ్మ కాగితం చదువుతుంటే అమ్మ నా వేళ్లు నలిపేసింది. క్యాన్సర్ కాదు. ఇప్పటికైతే కాదు, మళ్లీ మొదలెడితే తను ఏమీ చెప్పలేనంది. నోరు తెరిచే కసరత్తు నేర్పి, క్రమం తప్పకుండా చూపించుకోమంది.

ఇప్పుడు సాయంత్రం మగ్గాలు ఆపి, ఎదురింటి పిన్నమ్మతో కలిసి స్టేషన్ దాకా నడిచొస్తుంది. కొంగున బొరుగులు ఉంటాయి. మధ్యలో ఒకసారి తప్పింది. బంధువుల పెళ్లిలో తాంబూలంలో పొగాకు పెట్టుకుని నమిలి, ఆ సాయంత్రమే తిరుపతిలో ఉన్న నాకు ఫోన్ చేసింది.

"పొగాకు ఏసుకున్నా పాపా. ఊసేసినాలే. తిట్టాలంటే తిట్టు."

తిట్టలేదు. నోట్లో ఏమైనా మంటగా ఉందా అని అడిగాను. లేదంది. వచ్చే వారం ఆసుపత్రిలో మళ్లీ పరీక్ష ఉంది.