తాళమేసిన షెడ్డుల నర్సయ్య మామ ఈల

నవ్వేది ఉంటే ఇక్కడ్నే నవ్వుకోండ్రి, నడుమల జర భయమైతది. నేను చేసిన పనికి లింబాయత్‌ల మా గల్లీ గల్లీ అంత పట్టపగలు తలుపులు బిగించుకున్నది. ఒక ముసలామె సూరత్ నుంచి గోదారి దాకా నడిచిపోతనని మూట గట్టింది. ఇదంత చేసింది ఏ దయ్యమో కాదు, నేనే. అరచేతిల పట్టే రైలింజన్‌తోటి చేసిన.

ముందుగాల మా గల్లీ సంగతి చెప్పాలె. మాది తెలంగాణ నుంచి బతకనొచ్చినోళ్ల కరెంటు మగ్గాల గల్లీ, కింద షెడ్లు, మీద అర్రలు. మా పిల్లలు తల్లి జోలకంటే ముందుగాల మగ్గం చప్పుడే విన్నరు. కరోనా వచ్చి లాక్‌డౌన్ పెట్టంగనే మగ్గాలన్ని ఒక్కపారే ఆగినయి. చప్పుడుల నిద్రపోయే అలవాటున్నోళ్లం, చప్పుడు లేకపోయేసరికి ఒక్కనికి కన్ను మూతపడలే. మధ్యాహ్నం గల్లీల నడుస్తుంటే మన చెప్పుల చప్పుడే మనెంబడి ఎవలో వస్తున్నట్టు వినొస్తుండె. కుక్కలు సుత మొరుగుడు మరిచి, మూసిన షట్టర్ల దిక్కు చూసుకుంట కూసుంటుండె.

మా కింది షెడ్డంటే అందరికి ఇంకింత భయం. అండ్ల నాలుగో మగ్గం నడిపే నర్సయ్య మామ లాక్‌డౌన్‌కు కొంచెం ముందుగాలనే, మగ్గం కాడనే గుండె ఆగి పోయిండు. తాపీ నది పక్కనే ఉన్నా, "నా బొక్కలు, బూడిద గోదాట్లనే కలుపుండ్రి" అని బతికున్ననాడే చెప్పిండట. రైళ్లేమో బంద్. ఇంట్ల పెట్టుకోవద్దని బొక్కల ముంతకు తెల్లబట్ట గట్టి, షెడ్డుల గోడ మొలకు ఏలాడదీసి తాళమేసినం. షెడ్డు మెకానిక్‌నని తాళంచెవి నా దగ్గర పెట్టిండ్రు.

గప్పుడు సలాబత్‌పురాల చీరల సేఠ్ ఒకాయన ఫోన్ చేసిండు. ఆయనకు బొమ్మ రైళ్ల పిచ్చి.

"శీను భాయ్, మగ్గాల బోర్డులు నువ్వే బాగుచేస్తవు గదా. నా రెండు ఇంజన్లకు చిప్పులు బిగించాలె, ఆవాజ్ సుత రావాలె" అని హిందీల అన్నడు.

"హో జాయేగా సేఠ్!" అన్న. బొమ్మ రైలును అంతకుముందు ఎన్నడన్న ముట్టుకున్న మొఖమా నాది?

పాలబండిల ఇంజన్లొచ్చినయి, చిప్పులొచ్చినయి, నడిపించే డబ్బా వచ్చింది. సంగతి ఏందంటే, ఇంజన్ కడుపుల గోరంత చిప్పు, ఒక చిన్న స్పీకర్, ముందట గింజంత ఎర్ర లైటు పెడుతరు. ప్రతి చిప్పుకు ఒక నంబరుంటది. డబ్బా మీద ఆ నంబరు కొట్టి మీట తిప్పితే, పట్టాల ఎంబడి కరెంటుతోటే హుకుం పోయి ఆ నంబరు ఇంజనే కదులుతది. కొత్త చిప్పులన్ని మూడో నంబరు మీదనే వస్తయి, బిగించినోడే వేరే వేరే నంబర్లు పెట్టుకోవాలె. ఈ ముచ్చట ఎంబడొచ్చిన కాయిదంల రాసి ఉండె. కాయిదాలు చదువుడు పని రానోళ్లు చేస్తరని నేను దాన్ని చాయ గిలాస కింద పెట్టుకున్న.

ఇగ చప్పుడు. చిప్పుల ముందుగాలనే ఉన్నది ఏదో పరదేశం రైలు, పిల్లి తుమ్మినట్టు కూస్తది. మన రైలు చప్పుడు పట్టుకొద్దామంటే ఒక్క రైలు నడుస్తలేదు. నా ఫోన్ల ఒక వీడియో ఉండె. మగ్గం ఖరాబు ఎక్కడున్నదో చూపెట్టనీకి ఎప్పుడో తీసింది. అండ్ల నర్సయ్య మామ మగ్గం టకాటకా కొట్టుకుంటున్నది. దాన్ని జర నిదానం చేసి వింటే, అచ్చం బొగ్గు రైలే!

నడుమల మామ ఈల సుత ఉన్నది. షెడ్డుల నోటిమాట వినరాదు గదా, చాయ గావాల్నంటే మామ రెండు వేళ్లు నోట్ల పెట్టి ఒక పొడుగు, రెండు పొట్టి ఈలలు ఏస్తుండె. పక్క అర్రల దారం కండెలు చుట్టే ఆయన పెండ్లాం లచ్చవ్వ అత్త, "వస్తున్న తియ్యి!" అనుకుంట గిలాస పట్టుకొని ఉరుకుతుండె. గంత మంచి కూత నాకు యాడ దొరుకుతది? రెండు చిప్పులకు అదే ఎక్కించిన. సలాబత్‌పురాకు పోయే రైలు, ఇక్కడెవలు వింటరు అనుకున్న.

మొదటి ఇంజన్‌ను మామ మగ్గం పక్కన బెంచీ మీద బిగించిన. షెడ్డు కరెంటు బంద్ ఉండెనని మీది అర్రల పెట్టిన డబ్బా నుంచి కిటికీల గుండ వైరు దించిన. గొంతు గుమ్మని రావాల్నని ఖాళీ నూనె డబ్బా మీద పట్టా ముక్క పెట్టి, దాని మీద ఇంజన్‌ను నిలబెట్టి, ఉరుకకుంట అటూ ఇటూ కండెలు అడ్డం పెట్టిన. మస్తు పలికింది. పిల్లల చేతికి చిక్కకుంట ఆడ్నే ఇడిచి తాళమేసి, రెండోదాన్ని మీద అర్రల ముందరేసుకున్న. కింది వైరు ఊడదీయలే. నంబరు మార్చలే. ఇవి మీరన్న యాదికి పెట్టుకోండ్రి, నేనైతే పెట్టుకోలే.

ఇగ రోజూ మధ్యాహ్నం తలుపేసుకొని రెండోదాన్ని నడిపించుడే పని. దాని చప్పుడు దోమ గుయ్యిమన్నంత, చెవి దానికే ఆనిచ్చి వినేటోన్ని. పని ఒడిసినంక పనిముట్ల కోసం కిందికి దిగితే, షట్టర్ పక్క బయటి గూట్ల రోజూ ఒక చాయ గిలాస ఉంటుండె. అబ్బ, నా పెండ్లాం పద్మకు నా మీద ఎంత ప్రేమ అని తాగి, గిలాస బోర్లేసి వచ్చేటోన్ని.

ఒకనాడు పద్మ మెల్లగ అడిగింది.

"ఏమయ్యా, షెడ్డుల నర్సయ్య మామ మగ్గం నడుస్తున్నదట, విన్నవా?"

"తాళంచెవి నా దగ్గరుంటే ఎట్ల నడుస్తది?"

"నడుస్తున్నదట. ఈల సుత ఏస్తున్నడట. లచ్చవ్వ అత్త గూట్ల చాయ పెడితే తాగి గిలాస బోర్లేస్తున్నడట!"

చాయ సంగతి అర్థమైంది గని ఈల సంగతి కాలే. నేను కూత పెట్టించేది నా ముందటి ఇంజన్‌తోటి గదా, షెడ్డుల ఈల ఎట్ల మోగుతది? అంటే మామ నిజంగనే ఉన్నడు, ఆయన నోటికాడి చాయ నేను తాగుతున్న. కుక్కిన పేను లెక్క ఊకున్న.

గల్లీ ఊకుంటదా? "మెకానిక్‌వు గదా, పోయి చూసి రా" అని ఎంబడి పడ్డరు. మూతులకు మాస్కులు గట్టుకొని ఎవల గడపల వాళ్లు నిలబడ్డరు. లచ్చవ్వ అత్త తన గడప మీద కూసున్నది. నేను డబ్బా బంద్ చెయ్యకుంటనే దిగొచ్చి షట్టర్ సగం ఎత్తి లోపలికి వంగిన.

బయట మండే ఎండ, లోపల చీకటి. ఆగిన మగ్గాల మీద దూది నూగు తెల్లగ పేరుకున్నది. మొలకున్న ముంత కదులుతున్నట్టు కనబడ్డది. గాలి లేదు.

"మామా," అన్న. "నేను శీనును."

టక్. టక్. టకాటకా టకాటకా! మామ మగ్గం కాడ, కూసున్న మనిషి మూతి ఎత్తుల, బీడి కొసకు అంటుకున్నట్టు ఒక ఎర్రటి చుక్క ఎలిగింది. ఎంబడే ఈల. ఒకటి పొడుగు, రెండు పొట్టి.

ఒక చెప్పు షెడ్డుల, ఒక చెప్పు మోరిల, నేను గల్లీ నడుమల.

"ఉన్నడు! మామ ఉన్నడు! నా కండ్లతోటి చూసిన, బీడి తాగుతున్నడు!"

తాడును చూసి పామనుకున్నోళ్లు లోకంల మస్తుమంది ఉంటరు. సొంతంగ పేనిన తాడును చూసి పామనుకున్నోన్ని నన్నొక్కన్నే చూస్తున్నరు మీరు. ఆ లైటు బిగించింది నా చెయ్యే!

లచ్చవ్వ అత్త లేచింది. "అల్లుడు సుత చూసిండంటే ఇగ నిజమే. గోదారికి తీసుకపోలేదని ఆయన పిలుస్తున్నడు. రైలు లేకుంటే నాకు కాళ్లు లేవా?" అని లోపలికి పోయి మూట గడుతున్నది. ఆ ఎండల రోడ్ల పొంటి నడిచిపోయేటోళ్లు ఎట్ల పడిపోతున్నరో రోజూ టీవీల చూస్తున్నం. అరవై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులు. పోతే వాపస్ రాదు.

నేను మీదికొచ్చిన. పద్మ గుడ్డ పట్టుకొని నిలబడ్డది.

"ఏమయ్యా, డబ్బా మీద దుమ్ము తుడుస్తుంటే మీట తిరిగింది. ఏదో ఒత్తుకుంటే నీ రైలు కూత పెట్టింది. ఖరాబైతే నన్ననకు."

పట్టాల దిక్కు చూసిన. కిటికీల కెళ్లి కిందికి దిగిన వైరు దిక్కు చూసిన. చాయ గిలాస కిందున్న కాయిదం గుంజి చదివిన. మూడో నంబరు. రెండింటికి మూడో నంబరే.

కిందికి ఉరికేసరికి అత్త నెత్తి మీద మూట, సగం ఎత్తిన షెడ్డుల నుంచి తీసిన ముంత సంకల పట్టుకొని గల్లీ మలుపు దాకా పోయింది.

"అత్తా, ఆగు! అది మామ కాదు, నేను!"

"అడ్డం రాకు అల్లుడా. చూసినోనివి నువ్వే గదా."

"చూసిన, గని గాడిదను అత్తా! జర ఒక్క నిమిషం!"

చెయ్యి పట్టి గుంజుకొచ్చి, నూనె డబ్బాను ఇంజన్‌తోటి షట్టర్ కాడికి తెచ్చి పెట్టిన. "పద్మా, కూత ఒత్తు!" అని మొత్తుకున్న. గల్లీ అంత చూస్తుంటే ఆ చిన్న ఇంజన్ మామ ఈల ఏసింది. ఒక్కలు నవ్వలే. నాకైతే భూమిల కుంగిపోవాల్ననిపించింది. ఆమె మొగని గొంతు తీసి ఆటబొమ్మల పెట్టిన గదా.

అత్త మూట దించి డబ్బా ముందట కూలబడ్డది. "ఇంకోపారి ఏయమను" అన్నది.

ఈల మోగింది.

"వస్తున్న తియ్యి!" అన్నది అత్త, అలవాటుకొద్ది. అని, కొంగు నోట్ల పెట్టుకొని ఏడ్చింది. తర్వాత నా మొఖం చూసి నవ్వింది.

"రైళ్లు నడిచినంకనే పోత. ఆయనేం తొందర పెడుతలేడు గదా" అనుకుంట మూట ముడి ఇప్పింది. నాకు పానం తిరిగొచ్చింది. అన్నట్టే రైళ్లు నడిచినంక నేనే ఎంబడి పోయి గోదాట్ల కలిపించిన.

ఆ నాడే పనిల పని అని ఇంకోటి సుత ఒప్పుకున్న. "గూట్ల చాయ తాగింది నేనే అత్తా. మాఫ్ చెయ్యి."

"ఎప్పటిసంది తాగుతున్నవు?"

"వైరు దించినకాడి నుంచి. ఓ వారం అయితుండొచ్చు."

అత్త నా దిక్కు చూసింది, షెడ్డు దిక్కు చూసింది.

"నేను ఆయన పదోదినం నాటి సంది పెడుతున్న అల్లుడా. గిలాస రోజూ బోర్లనే ఉంటుండె. నీకంటే ముందుగాల తాగిందెవలు?"

నవ్వుతున్నదా అని చూసిన. నవ్వుతలేదు.

గందుకే మా మగ్గాల మీద ఒట్టేసి చెబుతున్న. నంబరు మార్చకుంట ఇంకో ఇంజన్ ముట్ట. కాయిదం చదువకుంట వైరు దించ. గూట్ల చాయ ఎంత పొగలు గక్కినా, "ఇది ఎవలిది?" అని అడుగకుంట తాగ. అడుగుత గని, జవాబు వచ్చేదాకా ఆడ నిలబడ.